జానెడు ఎత్తు

సోహార్‌ల పొద్దు ఎక్కకముందే ఇనుము కాగుతది.
గొలుసు ముందట గొంతుక్కూసుని
ఒక్కొక్క కడియాన్ని తిప్పి తిప్పి చూస్త.
మా నాయిన తాటిచెట్టు మొదట్ల
మోకును ఇట్లనే చూసేటోడు,
కండ్లతోటి కాదు, బొటనవేలి గోటితోటి.
"కల్లు రేపు గూడ పారుతది,
మోకు మాత్రం ఇయ్యాల్నే తెగుతది" అనేటోడు.

పదకొండో కడియం మీద గోరు తట్టుకున్నది.
వెంట్రుకంత గీత.
ఆ గొలుసును పక్కకేసి ఇంకోటి తెమ్మన్న.

ఎక్స్‌కవేటర్ అంటే తవ్వేది.
దానికి తెలిసింది మన్నొక్కటే.
మోయమంటే మోస్తది గనీ
తవ్వేటి తొందర దాని చేతుల్నే ఉంటది.
బకెట్ పండ్లకు గొలుసు తగిలిస్తే నిమిషం పని,
బకెట్ ఊడదీసి, కన్నమున్న కాడ శాకిల్ బిగిస్తే ఇరవై.
నడుమనున్న పందొమ్మిది నిమిషాలకు
హానీ సాబు గడియారం దిక్కే చూస్తుండు,
నా దిక్కు చూస్తలేడు.

కేబిన్ల అద్దం మీద బరువుల పట్టీ ఉన్నది.
గుల్ జమాన్‌కు ఇంగ్లీషు రాదు, నాకు అరబ్బీ రాదు.
ఈడ అయిదును మన సున్న లెక్క గుండ్రంగ రాస్తరు,
సున్న అంటే ఒట్టి చుక్క.
వచ్చిన కొత్తల నేను తప్పు చదివిన.
ఎవరికీ చెప్పలే.
ఇప్పుడు ఇద్దరం వేలు పెట్టి చదువుతం,
ఆయన స్వాత్ యాసల, నేను కోరుట్ల యాసల:
దగ్గరుంటే నాలుగు టన్నులు,
చెయ్యి చాపితే ఒకటిన్నర.
నీళ్ల బిందెను చంకల పెట్టుకున్నోడు
ఊరంతా తిరిగొస్తడు;
అదే బిందెను చాచిన చేత పట్టుకొని
గడప దాటుమను, చూద్దాం.

కాంక్రీటు రింగు రెండు టన్నుల మీద నాలుగు వందలు.
కాలువల షఫీకుల్ నిలబడి ఉన్నడు,
పైకి రమ్మన్న.
"ఎందుకు భాయ్, మళ్ల దిగుడే గదా."
"నీళ్లు తాగు" అన్న.
దాహం లేదన్నడు. అయినా తాగుమన్న.

రింగుకు తాడు కట్టి కొస పట్టుకొని
దూరంగ నిలబడ్డ, గుల్‌కు నా చేతులు కనపడేటట్టు.
నా చేతులే కనపడాలె, ఇంకెవ్వరివీ కాదు.
హానీ సాబు చెయ్యి లేపిండు, గుల్ చూడలే.
మంచి పని చేసిండు.

వేలు పైకి చూపి చిన్నగ తిప్పిన.
శువయ్య, శువయ్య.
గొలుసు బిర్రయ్యింది, రింగు నేలను ఇడిసింది,
జానెడు.
పిడికిలి బిగించిన.

ఇగ లెక్క.
గర్బీ గాలి చెవుల్ల ఉప్పు పోస్తున్నది.
ఒకటి. రెండు. హానీ సాబు "యల్లా" అన్నడు.
ఆరు. ఏడు.
పిడికిలి ఇప్పలే.
తొమ్మిది కాడ
ఎడమ చైను కింద నేల
పెరుగు మీది మీగడ లెక్క పగిలింది.
మిషిని ఒక్క భుజం వంచింది,
ముసలోడు మెట్టు తప్పినట్టు.
రింగు నేలకు ఆనింది,
సప్పుడు గూడ సరిగ్గ రాలే.

గుల్ కిందికి దిగి
చైను చూసి, నన్ను చూసి,
జేబుల నుంచి నస్వార్ డబ్బి తీసిండు.
మూత ఇప్పనీకి రెండు మూడు సార్లు పట్టింది.

మిషిని ఎనకకు తీసినం.
ఇనుప పలకలు పరిచినం.
కాలువ అంచు నుంచి నాలుగు అడుగులు జరిగి
మళ్ల మొదటికెల్లి మొదలువెట్టినం.
షఫీకుల్ దిగకముందే రింగు దిగింది.
అద్దాల కాయిదం మీద దినం పని రాసిండ్రు:
రింగులు మూడు. ఆలస్యం గంటంబావు.
ఆలస్యం గడిల నా పేరు.

రాత్రి లసుంబాయి ఫోన్ల అడిగింది,
ఇయ్యాల ఏం సంగతులని.
ఏం లేవన్న.
దోమలున్నయా అంటే ఉన్నయన్న.

తెల్లారి పోయి చూసిన.
రింగు ఆనిన కాడ
ఉప్పుమన్నుల సగం చందమామ అచ్చు.
వేళ్లు పెట్టి కొలిచిన.
నాలుగు వేళ్ల లోతు.
ఆ పక్కన్నే షఫీకుల్ నీళ్ల సీస
మూత లేకుంట పడి ఉన్నది.